బాణం గుర్తు గీసేదెవరు?
(స్మారకోపన్యాసం)

ఎవరి పేరిట ఈ ఉపన్యాసమో ఆ మాష్టారే నాకు ఎపిడెమియాలజీ చెప్పారు. చెవి మీద ఎర్ర పెన్సిలు పెట్టుకుని తిరిగేవారు. నా థీసిస్‌లో బొమ్మలన్నీ ఆ పెన్సిలుతోనే కొట్టేసి, "పట్టిక వెయ్యవోయ్, చాలు" అన్నారు. ఆ తగువు తేలకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఇవాళ మైకు నా చేతిలో ఉంది, ఆయన జవాబు చెప్పలేరు. ఇది అన్యాయమే, అయినా వదలను.

వ్యవస్థలను బొమ్మగా గీసే పద్ధతులు, అంటే ఫారెస్టర్, 'లిమిట్స్ టు గ్రోత్' రాసిన డొనెల్లా మెడోస్ గీసిన బొమ్మలు, చెక్‌లాండ్ రిచ్ పిక్చర్లు మీకు తెలిసినవే. ఏది దేన్ని పెంచుతుందో, తగ్గిస్తుందో బాణాలతో చూపే ప్లస్సులు, మైనస్సులు, చక్రాలు. వాటి జోలికి పోను.

నేనడిగేది ఒక్కటే. బొమ్మ పరిశోధన ముగిశాక అతికించేదా, పరిశోధన చేసే పనిముట్టా? ఇలా అడగ్గానే మా బొమ్మల పక్షం వాళ్ళు, లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళ వల్లే కలరా వచ్చిందని వాదించిన వైద్యుడు జాన్ స్నో మ్యాపు తీస్తారు. మాష్టారు దాన్ని ఒక్క మాటతో కొట్టేసేవారు: "పంపు పిడి 1854 సెప్టెంబరు 8న తీశారు. మ్యాపు తరవాత వచ్చింది." నిజమే. మ్యాపు చూసి స్నో పంపును కనిపెట్టాడన్నది కట్టుకథ. కానీ 1855లో పారిష్ సంఘం నివేదికకు ఆయన ఇచ్చిన మ్యాపు చూడండి. బ్రాడ్ స్ట్రీట్ పంపుకీ చుట్టుపక్కల పంపులకీ నడక దూరం సమానమయ్యే చోట్లను కలుపుతూ అందులో ఒక గీత ఉంది. మనుషులు బిందె పట్టుకుని ఏ సందులోంచి వెళ్తారో ఆలోచించకుండా ఆ గీత గీయలేరు. గీత లోపల ఉండీ చావులు తక్కువైన చోట్లు అప్పుడు నిలదీస్తాయి. పేదలుండే వర్క్‌హౌస్‌లో 535 మంది ఉంటే పోయింది ఐదుగురు. వాళ్ళకి సొంత బావి ఉంది. స్నోది తప్పని తేల్చాలని ఇంటింటికీ తిరిగిన చర్చి గురువు హెన్రీ వైట్‌హెడ్ చివరికి ఆయన వైపే వచ్చాడు.

"అది లండన్ గొడవ" అంటారేమో. విశాఖపట్నంలో మన వెంకటాపురానికి రండి. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన ఫ్యాక్టరీ చుట్టూ ఊరు పెరిగింది. 2020లో లాక్‌డౌన్‌తో పని ఆగింది, ట్యాంకులో ప్లాస్టిక్ ముడిసరుకు స్టైరీన్ కదలకుండా నిలవుండిపోయింది. గడ్డకట్టకుండా కాపాడే రసాయనం తగ్గింది. అణువులు గొలుసుకట్టిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ మరింత గొలుసు. మే 7 తెల్లవారుజామున ఆ ఆవిరి బయటికొచ్చి ఊరి మీద పడింది, పన్నెండు ప్రాణాలు పోయాయి. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉందనీ, పైన ఎంత వేడెక్కిందో తెలియలేదనీ, సైరన్ మోగలేదనీ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. మాష్టారు కోరిన పట్టిక ఉంది, అంకె ఉంది, అయినా ట్యాంకు పైభాగం ఎవరికీ కనిపించలేదు.

ఆ వేడి చక్రం ఇంజనీర్లందరికీ తెలుసు, గీస్తే కొత్తగా ఏం తెలుస్తుందని ఒక మిత్రుడు నాతో వాదించాడు. వాళ్ళ చక్రం కాంపౌండ్ గోడ దగ్గర ఆగింది, అదీ నా జవాబు. గోడ దాటి, నిద్రపోతున్న వీధిలోకి వెళ్ళాల్సిన బాణం గీసే చోట ఆ వీధి వాళ్ళని ఎవరు కూర్చోబెట్టారు?

అందుకే ఇప్పుడు పోర్టు దుమ్ము పడే విశాఖ వన్ టౌన్, జ్ఞానాపురంలో ఆ వీధుల వాళ్ళే గీసేందుకు చార్టు కాగితాలు పరుస్తున్నాం. గాల్లోని సన్నటి దుమ్ము పీఎం10కి మన దేశ ప్రమాణం 24 గంటల సగటున ఘనమీటరుకి 100 మైక్రోగ్రాములు. ఇక్కడ పగలు సముద్రపు గాలి, రాత్రి నేల గాలి. సగటు కట్టేసరికి రెండూ కలిసిపోతాయి. మేడ మీద బట్టలు ఎప్పుడు తీసేస్తారో, కిటికీలు ఎప్పుడు మూస్తారో ఆడవాళ్ళు గంటల వారీగా గీస్తున్నారు. పడింది నల్ల దుమ్మయితే బొగ్గు, ఎర్రదైతే ఇనుప ఖనిజం అని రంగు పెన్సిళ్ళు విడివిడిగా అడిగి తీసుకున్నారు. కిటికీ మూస్తే వంట పొగ లోపలే తిరుగుతుందన్న బాణం ఒకావిడ గీసింది. నా చిత్తు బొమ్మలో అది లేదు.

ఆ గంటల పక్కన ఓడల్లోంచి బొగ్గు దింపే వేళలు కూడా గీయాలి. ఈ సభలో పోర్టులో పనిచేసి రిటైరైనవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. టీ దగ్గర నన్ను కలవండి. చార్టులు కారులోనే ఉన్నాయి.