అక్షరానికీ ఒక ముఖం ఉంటుంది
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. అచ్చు అక్షరాలతో నాకేం పని అని మీరడగవచ్చు. ఒక సంగతి మనవి చేస్తాను.

1987లో తెల్లదోమ మన పత్తి చేలను దెబ్బతీసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో పర్చూరు వైపు ఒక రైతు పురుగుమందు డబ్బా నా చేతికిచ్చి, "అయ్యా, ఎకరానికెంతో కాస్త చూసి చెప్పండి" అన్నాడు. ఆయనకు చదువొచ్చు. అక్షరాలే ఆవగింజల్లా ఉన్నాయి. నేను కళ్ళజోడు సర్దుకుని 3ను 8గా చదివాను. పక్కనున్న ఆయన కొడుకు, ఆరో తరగతి కుర్రాడు, "కాదండీ, మూడు" అన్నాడు. వాడు లేకపోతే ఏమయ్యేదో! మందు ఎంత విషమో డబ్బా మీది త్రికోణం రంగు చెబుతుంది. మోతాదు చెప్పవలసింది మాత్రం అక్షరమే.

ఇంగ్లీషు అక్షరాల కొసల్లో ఉండే చిన్న పాదాలను సెరిఫ్‌లంటారు. అవి లేనివి సాన్స్ సెరిఫ్. వాటిలోనూ కొన్ని స్కేలు పెట్టి గీసినట్లు బిగుసుకుని ఉంటాయి. చేతిరాత ఒడుపు నిలుపుకున్న వాటిని హ్యూమనిస్ట్ అంటారు. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ 1916లో లండన్ భూగర్భ రైల్వేకు ఇచ్చినవి, ఆయన శిష్యుడు ఎరిక్ గిల్ పేర 1928లో వచ్చినవి ఈ కోవలోవే. ఈ తరహాలో మంచివాటికి 3, 6, 9 అంకెల నోళ్ళు బాగా తెరుచుకుని ఉంటాయి. బోర్డులకు, ఫారాలకు, లేబుళ్ళకు అందుకే అవి అనువైనవి.

మన లిపికి పాదాల గొడవ లేదు. మన చిక్కు వేరు. పైన గుడి, కింద వత్తు; ఒక్కో వరుస మూడంతస్తుల మేడ. ధ, థ లకు తేడా కడుపులో చుక్క. ప, ఫ లకు తేడా కింద గీత. చోటు కలిసొస్తుందని నొక్కితే ముందు పోయేవి అవే. గుంటూరు యార్డులో మిర్చి బస్తా చూసినవారికి తెలుసు: మరీ తొక్కితే కాయ విరిగి గింజ రాలుతుంది. పొందిక వేరు, ఇరుకు వేరు.

ఇప్పుడు తెలుగులో మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. సిలికానాంధ్ర అందించిన 'మండలి' ప్రధానంగా వార్తాపత్రికల కోసం తయారైంది. 1975 ప్రపంచ తెలుగు మహాసభల నాటి విద్యామంత్రి మండలి వెంకట కృష్ణారావు గారి పేరు దానికి పెట్టారు.

ఈ ప్రత్యేక సంచికలో అక్షరం చిన్నది చేస్తే రెండు పేజీల ఖర్చు మిగులుతుందని మన కమిటీలో ఒక సూచన వచ్చింది. మనలో శుక్లాల ఆపరేషన్ కానివారెందరు? అయ్యా, కావాలంటే నా ప్రసంగం సగానికి కోయండి. అక్షరాన్ని మాత్రం కోయవద్దని నా మనవి.

సెలవు.