బొగ్గు గనుల పాత కట్టడాలు – మనకొక పాఠము
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠము)



మన పాఠశాలకు 75 సంవత్సరాలు నిండిన ఈ శుభవేళ, పాత తరగతి గదులను కూల్చవలెనా, నిలుపవలెనా అన్న ప్రశ్న మన ముందున్నది. ఈ సందర్భమున నాకు ఇల్లందు బొగ్గు గనులు జ్ఞాపకము వచ్చుచున్నవి.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో తవ్వకము మొదలైనది. సమీప గ్రామమైన సింగరేణి పేరే 1920లో కంపెనీకి పేరైనది. కంపెనీ దస్త్రాలలో టన్నుల లెక్కలుండును. తట్టా చెమ్మసూ పట్టి బొగ్గుబాయి దిగిన కూలీ జీవితము మాత్రము అందులో అరుదు. అతని జాడ దీపాల గదిలో, హాజరు గదిలో, కూలి లైన్లలో మిగిలియుండును.

గని మూతపడిన పిమ్మట అట్టి కట్టడాలను పట్టించుకొనువారుండరు. పెంకులు జారును, వాననీరు గోడలలో దిగును, రావి మొలకలు వేళ్లూనును. నూరేండ్లు నిండిన చారిత్రక కట్టడాలను రక్షించుటకు 1958 నాటి కేంద్ర చట్టము వీలు కల్పించుచున్నది. అయినను మన దృష్టి కోవెలలను, కోటలను దాటి శ్రామికుని గూటి వరకు పోవుట లేదు.

ఇతర దేశములలో దారి చూపినవారున్నారు. వేల్స్‌లోని బిగ్ పిట్ గని 1980లో మూతపడగా, 1983లో దానిని మ్యూజియముగా తెరచిరి. జర్మనీలో 1986లో మూతపడిన జోల్‌ఫెరైన్ గని 2001లో ప్రపంచ వారసత్వ స్థలమైనది.

అన్నింటినీ నిలుపుట సాధ్యము కాదు. మూసిన గనిలో విషవాయువుల భయము కలదు; పిల్లలు అటు పోరాదు. కాని కూల్చుటకు ముందు కొలతలు, ఫొటోలు తీయవచ్చును. అక్కడ పనిచేసిన వృద్ధుల మాటలు వ్రాసికొనవచ్చును. నిలుపదగిన సున్నపు గోడకు సున్నముతోనే మరమ్మతు చేయవలెను. సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి గోడను తినివేయును.

మన పాత గదుల విషయమున కూడ నా కోరిక ఇదియే. ప్రమాదమున్న గదిలో ఒక్క బిడ్డనైనను కూర్చుండబెట్టను. అయితే ఇంజనీరు పరీక్షించక మునుపు గడ్డపార పడనీయకుడు. పూర్వ విద్యార్థులారా, ఆ గదులలో మీరు చదివిన తెలుగు పాఠాల జ్ఞాపకాలను వ్రాసి పంపుడు. గోడ నిలిచినను, నిలువకున్నను, మన పిల్లలకు అవి మిగులును.