క్రమము మార్చి అర్థము నిలుపు విద్య



కంప్యూటరు శాస్త్రమున తెలుగువారి ప్రస్తావన వచ్చినపుడు, 1937లో చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, యంత్రము మనుష్యుల మాటను గ్రహించు మార్గమును పరిశోధించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమును పంచుకొనిన రాజ్ రెడ్డిగారి పేరే మొదట వినబడును. అది న్యాయమే. అయినను, డోన్, గుత్తుల నడుమ రహదారిపై నున్న ఈ ప్యాపిలిలో, నేడు పట్టభద్రులై, రేపటినుండి ఉద్యోగములు వెదకబోవు మీ యెదుట నేను అంతగా పేరు వినబడని వృత్తి నొకదానిని ప్రస్తావింపదలచితిని. అది ప్రోగ్రాములు వ్రాయువారికి పనిముట్లు చేసియిచ్చు వృత్తి.

1957లో జాన్ బాకస్ బృందము ఐబీఎం 704 యంత్రమునకై, ఫోర్ట్రాన్ భాషలో వ్రాసినదానిని యంత్రసంకేతములుగా మార్చు కంపైలరు అను పనిముట్టును వెలువరించినపుడు, చేతితో వ్రాసిన సంకేతముల వేగమును అది అందుకొనగలదా యని పెక్కురు శంకించిరి, అందుకొన్నది. చిప్పునందు లెక్క చేయు కోర్లు పెరిగిన మన కాలమున శంక వేరు: ఒక్క కోరుకై వ్రాసిన లెక్కను పలు కోర్లకు పంచునదెవరు?

మద్రాసు ఐఐటీలో చదివి, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున సదయప్పన్ గారి శిష్యులై పరిశోధించిన ఉదయ్ బొందుగుల, 2008లో ప్రకటించిన ప్లూటో అను సాధనముతో ఈ ప్రశ్నకు సమాధానము చూపిరి. లూపునందలి ఏ ఆవృత్తి దేని ఫలితముపై ఆధారపడుచున్నదో అసమీకరణములుగా వ్రాసికొని, ఆ ఆధారము ఎచ్చటను తలక్రిందులు గాకుండ క్రమమును మార్చి, లెక్కను చిన్న చిన్న పలకలుగా విభజించి, క్యాష్ అను చిన్న వేగవంతమైన స్మృతిలోనికి వచ్చిన దత్తాంశమును అది తొలగకమునుపే మరల వాడి, ప్లూటో ఆ పనిని కోర్లకు పంచును. దుక్కి, విత్తనము, కలుపు అను వరుస ప్రతి చేనియందును నిలువవలయును గాని, చేలన్నిటిని ఒక్క కాడియే దున్నవలెనను నియమము లేదు గదా! అటుపిమ్మట ఆయన ఐబీఎం వాట్సన్ కేంద్రమునుండి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు వచ్చి, గూగుల్ లో పుట్టిన ఎంఎల్ఐఆర్ అను కంపైలరు నిర్మాణ చట్రము తొలి రూపకల్పనలో పాలుపంచుకొని, 2019లో పాలీమేజ్ ల్యాబ్స్ స్థాపించిరి. కృత్రిమమేధకు కావలసిన మాత్రికల గుణకారమునకు నేడు ప్లూటోలోని ఆ అసమీకరణముల గణితమే అక్కరకు వచ్చుచున్నది.

ప్రశంస కోరువారు ఈ దారికి రాకుందురు గాక. కంపైలరు సక్రమముగా నడచినన్నినాళ్ళు దానిని తలచువారుండరు, తప్పిననాడు తిట్టనివారుండరు. ప్లూటో మూలమును, ఎంఎల్ఐఆర్ మూలమును ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. అందొక దోషమును పట్టి సవరణ పంపినచో, దానిని పరిశీలించువారు మీ కళాశాల పేరు అడుగరు. ఆ సవరణతో పాత పరీక్షలన్నియు నెగ్గినవా, క్రొత్త పరీక్షను జతచేసితిరా యని మాత్రమే అడుగుదురు.