గర్భిణి తిన్న ముద్ద, పదిహేనేళ్ల తర్వాత లెక్క

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, వడ్డీలు, స్త్రీనిధి కిస్తీలు అన్నీ ఇప్పటిదాకా విన్నం. ఆ లెక్కలు మనకు కొట్టిన పిండే. ఈరోజు మేము ఇంకో లెక్క చెప్తం. అది కంచం లెక్క. గర్భిణి తిన్న ముద్ద ఆమె బిడ్డ పెద్దగయినంక ఏం చేస్తదో చదువుకున్నోళ్లు కొలిచి చూసిన లెక్క. ఇది ఎక్కడో దూరదేశం ముచ్చట కాదు, మన రంగారెడ్డి జిల్లా ఊళ్లదే.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1987 నుంచి 1990 వరకు ఆ సంస్థ వాళ్లు నగరానికి దగ్గరలోని 29 ఊళ్లలో ఒక పరిశీలన చేసిండ్రు. అంగన్‌వాడీ పథకం 1975లోనే మొదలైనా, అన్ని ఊళ్లకు ఒక్కసారే రాలేదు. ఈ 29 ఊళ్లలో 15 ఊళ్లకు అప్పటికి వచ్చింది, 14 ఊళ్లకు ఇంకా రాలేదు. ఎవరి నోటికాడి కూడు తీసెయ్యలేదు. పథకం మెల్లగా విస్తరిస్తున్నప్పుడు ఉన్న తేడానే వాళ్లు చూసిండ్రు.

పథకం వచ్చిన ఊళ్లలో మక్క, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో ఉప్మా చేసి పెట్టేవాళ్లు. గర్భిణికి, బాలింతకు రోజుకు సుమారు 500 క్యాలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ అందేటట్టు కొలత. ఆరేళ్లలోపు పిల్లలకు సుమారు 300 క్యాలరీలు. అంతే. పాలు, నెయ్యి, బాదంపప్పులు ఏమీ లేవు. రోజూ ఇంటి తిండికి తోడు ఒక పూట ఉప్మా.

పుట్టినప్పుడు పిల్లల తూకంలో తేడా కొద్దిగానే కనిపించింది. అక్కడితో ఆపితే "ఇంతేనా" అనుకునేటోళ్లం. కానీ 2003 నుంచి 2005 మధ్య మళ్లీ ఆ ఊళ్లకు పోయి, 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చిన 1,165 మంది పిల్లలను పరీక్షించిండ్రు. మన పోషకాహార సంస్థతో పాటు లండన్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఇందులో పనిచేసిండ్రు. ఫలితాలు 2008లో బ్రిటన్ వైద్య పత్రికలో అచ్చయినయి.

ఏం తేలింది? తిండి అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నరు. అంటే మన చిటికెన వేలు వెడల్పంత. కొవ్వు మాత్రం పెరగలేదు. షుగర్ జబ్బుకు దారితీసేది ఏందంటే, ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయకపోవడం. అది ఈ పిల్లల్లో 20 శాతం తక్కువ ఉన్నది. రక్తనాళాలు బిరుసెక్కే లక్షణం కూడా కొంత తక్కువే. ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలె. ఇది ఆ ఊళ్లలో పుట్టిన పిల్లలందరి సగటు. సెంటర్‌కు రోజూ పోయినోళ్లు, ఎప్పుడో ఒకసారి పోయినోళ్లు, అసలే పోనోళ్లు అందరూ అందులో ఉన్నరు. అందరినీ కలిపినా తేడా కనిపించిందంటే చిన్న విషయం కాదు.

ఆ పిల్లలు 20 నుంచి 25 ఏళ్ల వాళ్లయినంక మళ్లీ చూస్తే, తిండి అందిన ఊళ్లవాళ్లు చదువులో ముందున్నరు. పనిలోనో పైచదువులోనో ఉన్నవాళ్లు ఎక్కువ, ఆ వయసుకే పెళ్లయినవాళ్లు తక్కువ. ఒక్క ఉప్మాతోనే అన్నీ జరిగినయని మేము చెప్పం. బడి, రోడ్డు, ఇంటి ఆదాయం అన్నీ కలుస్తయి. కానీ పునాది గట్టిగుంటే గోడ నిలుస్తదన్నది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మన సంగతికి వద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ హాల్లో కూర్చున్న మనలో సగం మందికి పైనే అన్నమాట. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, నాట్లేస్తుంటే నడుం పట్టేయడం, ఇవన్నీ "ఆడపుట్టుక ఇంతే" అని ఊకుంటున్నం.

తిండి ఏర్పాటు లేదా అంటే, ఉన్నది. 2015 నుంచి మన రాష్ట్రంలో ఆరోగ్యలక్ష్మి నడుస్తున్నది. గర్భిణికి, బాలింతకు సెంటర్‌లోనే వేడివేడి అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చొని తినాలని ఎందుకు పెట్టిండ్రు? ఇంటికొస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలో పడుతదో మనకు తెలుసు. ముందు మగవాళ్లకు, తర్వాత పిల్లలకు, అడుగు బొడుగు మిగిలితే కోడలికి. ఇది ఏ ఒక్క ఇంటి తప్పూ కాదు, మన అమ్మల కాలం నుంచి వస్తున్న అలవాటు.

కోడలు సెంటర్‌కు ఎందుకు పోతలేదని మా సంఘాల్లో అడిగినం. వచ్చిన జవాబులు ఇవి: కూలి పని పోతది. రోజూ గడప దాటితే నలుగురు ఏమనుకుంటరు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దగయి కాన్పు కష్టమైతది. అత్తమ్మ వద్దన్నది. అక్కలారా, ఆఖరి జవాబు దగ్గర మేము ఆగినం. ఇరవై ఏళ్ల కింద సంఘంలో చేరిన అక్కలే ఈరోజు అత్తమ్మలు. అంటే ఆ గడప తాళంచెవి ఎవరి కొంగుకున్నది? మన కొంగుకే ఉన్నది. బ్యాంకు మేనేజరు ముందు భయపడకుండా కూర్చొని మాట్లాడిన మనం, కోడలితో "పోయి తినిరా బిడ్డా" అనలేమా?

అందుకే మా గ్రామైక్య సంఘం నాలుగు పనులు అనుకున్నది. మిగతా సంఘాలు కూడా ఆలోచించాలని ఈ సభ ముందు పెడుతున్నం.

ఒకటి, ప్రతి నెల మీటింగ్‌లో అప్పుల జాబితాతో పాటు ఊళ్లో గర్భిణులు, బాలింతల జాబితా చదవాలె. ఎవరు సెంటర్‌కు పోతున్నరు, ఎవరు పోతలేరు అన్నది తీర్మానాల పుస్తకంలో రాయాలె.

రెండు, పోనివాళ్ల ఇంటికి ఇద్దరు సభ్యులు పోయి అత్తమ్మతో మాట్లాడాలె. కోడలితో కాదు, అత్తమ్మతోనే.

మూడు, కూలికి పోయే గర్భిణులు తినే వేళకు సెంటర్‌కు వచ్చి పోయేటట్టు మేస్త్రీతో, రైతుతో మనమే మాట్లాడాలె. చాలామంది రైతులు మన సభ్యుల ఇంటోళ్లే.

నాలుగు, సెంటర్‌కు పప్పు, గుడ్లు, పాలు సరిగ్గా వస్తున్నయా అని నెలకోసారి చూడాలె. టీచరమ్మ మీద పెత్తనానికి కాదు, సరుకు తక్కువొస్తే ఆమెతో కలిసి పైవాళ్లను అడగడానికి. ఐరన్ గోళీ సంగతి కూడా అక్కడే చెప్పాలె. అది మింగిన వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. నిమ్మకాయ పిండుకున్న కూరతో తింటే బాగా పడుతది.

మనం ఇచ్చిన అప్పు నెల తిరిగేసరికి కిస్తీగా వస్తది. ఈ ముద్ద అట్ల రాదు. పదిహేనేళ్లకు, ఇరవై ఏళ్లకు వస్తది. అప్పటికి మనలో కొందరం ఉండకపోవచ్చు. కానీ మన మనవరాలు రక్తం తక్కువ లేకుండ, చదువు ఆగకుండ నిలబడుతది. వచ్చే ఏడు మహాజన సభలో మేము ఈ జాబితా పట్టుకొని వస్తం. ఎంతమంది గర్భిణులు రోజూ పోయి తిన్నరో పొదుపు లెక్కతో పాటే చదివి వినిపిస్తం. మీరు కూడా మీ లెక్కలు తీసుకొని రావాలని కోరుతున్నం.