చీర దాచినవాడు వీరుడా?

(భవానీపురంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాయలు, మంత్రాలు తెలిసిన అమ్మాయిల కథల్లోకి వచ్చే మగ వీరుల గురించి ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. హక్కుల సమావేశంలో దేవకన్యల ఊసెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. చట్టం కంటే ముందు మన ఇళ్లలోకి వచ్చేది కథ. ప్రేమంటే ఏమిటో, మగతనమంటే ఏమిటో పిల్లలు మొదట నేర్చుకునేది అక్కడే. పైగా మన బెజవాడ తెలుగు సినిమా పంపిణీకి పెద్ద కేంద్రం. గాంధీనగర్ ఆఫీసుల నుంచి ఎన్నో సినిమా పెట్టెలు డెల్టా ఊళ్లకు వెళ్లాయి. కాబట్టి ఇది మనకు పరాయి విషయమేమీ కాదు.

1961లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో 'జగదేకవీరుని కథ' వచ్చింది. అందులో నాయకుడు ఇంద్రకుమారి జయంతి చీర దాచేస్తాడు. అది లేకపోతే ఆమె దేవలోకానికి తిరిగి వెళ్లలేదు. కోపంతో ఆమె అతన్ని శిలను చేస్తుంది. కానీ కథ ఆమె కోపం పక్షాన నిలబడదు. అతనికి మళ్లీ ప్రాణం వస్తుంది, ఆమె అతని భార్య అవుతుంది. అత్తగారి దగ్గర దాచిన ఆ చీర చేతికి అందగానే మాత్రం దేవలోకం వెళ్లిపోతుంది. అంతవరకూ ఆ కాపురం ఇష్టంతో నిలిచిందా, చీర లేక నిలిచిందా? సినిమా ఈ ప్రశ్న వేయదు. ఎన్.టి. రామారావు వీరత్వాన్ని, పాటలను చూసి మురిసిపోయిన మనమూ వేయలేదు.

సరిగ్గా 1990 మే 9న, తుపాను కృష్ణా డెల్టాను ముంచెత్తిన రోజుల్లో, 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. ఇక్కడ చీర స్థానంలో ఉంగరం వచ్చింది. రాజు దాన్ని దొంగిలించలేదు, అతనికి దొరికింది. దాని మహిమ కూడా అతనికి తెలియదు. ఆ మేరకు ఇది మెరుగే. అయినా శక్తి అంతా ఉన్న ఇంద్రజ, తన ఇంటికి తాను వెళ్లడానికి ఒక మగవాడి చుట్టూ తిరగాలి. చివరకు తన లోకాన్ని వదులుకునేది కూడా ఆమే. రాజుకు తన లోకం వదులుకోవలసిన పని పడదు. 2025లో ఈ సినిమాను మళ్లీ విడుదల చేస్తే జనం ఆనందంగా చూశారు. చూడవద్దని నేననను. పక్కన కూర్చున్న పిల్లలతో ఈ సంగతి మాట్లాడమంటాను.

జపానులోనూ ఇలాంటి పాత కథ ఉంది. ఒక జాలరికి దేవకన్య వస్త్రం దొరుకుతుంది. 'హాగొరోమో' అనే నో నాటకంలో, నాట్యం చేసి చూపిస్తే ఇస్తానంటాడు. వస్త్రం లేకుండా నాట్యం చేయలేనంటుంది ఆమె. ముందే ఇచ్చేస్తే ఎగిరిపోతావేమోనని అతని అనుమానం. అనుమానాలు మనుషులకే గాని తమ లోకంలో మోసం లేదని ఆమె చెప్పగానే, సిగ్గుపడి ఇచ్చేస్తాడు. ఆమె నాట్యం చేసి మరీ వెళ్తుంది. తిరిగి ఇవ్వడం తెలిసిన మగవాడు అతను.

ఆ దేశంలోనే 1966 నుంచి మాయాశక్తి ఉన్న బాలికల కార్టూన్లు టీవీలో వస్తున్నాయి. నవొకొ తకెయుచి అనే రచయిత్రి బొమ్మల కథ ఆధారంగా 1992లో 'సైలర్ మూన్' మొదలైంది. అందులో శక్తినిచ్చే పతకం ఉసాగి అనే అమ్మాయిది. ముసుగు వీరుడు గులాబీ విసిరి, ధైర్యం చెప్పి తప్పుకుంటాడు. శత్రువును ఓడించేది ఆమె. చాలాసార్లు అతన్నే ఆమె కాపాడుతుంది. 'కార్డ్‌క్యాప్టర్ సకురా'లో షావోరాన్ మాయాపత్రాల కోసం పోటీదారుగా వస్తాడు. అవి సకురావే అయ్యాక కినుక వహించడు, స్నేహితుడవుతాడు. 2023లో 'ప్రిక్యూర్' ధారావాహికలో ఒక అబ్బాయి కూడా ఆ అమ్మాయిల జట్టులో పూర్తి సభ్యుడయ్యాడు.

వీటినీ విమర్శ లేకుండా నెత్తిన పెట్టుకోనక్కరలేదు. పద్నాలుగేళ్ల ఉసాగికి టీవీ కథలో జోడీ కాలేజీ విద్యార్థి. ఆ పొట్టి గౌన్లు ఎవరి కళ్ల కోసమన్నదీ అడగవలసిందే. కానీ ఒక్క తేడా గమనించండి. ఈ కథల్లో అమ్మాయి శక్తిని మగవాడు తన పెట్టెలో దాచుకోవడం ప్రేమ అనిపించుకోదు.

మన ఇళ్లలో ఆ చీర ఏమిటి? పుట్టింటివారు పెట్టిన బంగారం, చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు కార్డు. అమెరికా వెళ్లిన అమ్మాయికైతే పాస్‌పోర్టు. "భద్రంగా ఉంటాయి, నా దగ్గర ఉంచమ్మా" అనే మాటతోనే మొదలవుతుంది. తిరిగి రావాలనుకున్న రోజున గాని అవి ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసిరాదు.

'జగదేకవీరుని కథ' వచ్చిన 1961లోనే వరకట్న నిషేధ చట్టమూ వచ్చింది. కట్నం తీసుకోవడం నేరమే. తీసుకుంటే దాన్ని గడువులోగా ఆమెకు అప్పగించాలని ఆరో సెక్షన్ చెబుతోంది. స్త్రీధనాన్ని, ఆమె ఇతర ఆస్తిని తిరిగి ఇమ్మని ఆదేశించే అధికారాన్ని 2005 నాటి గృహహింస చట్టంలోని 19వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. పాస్‌పోర్టు చట్టప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి. భర్తకు గాని, అత్తమామలకు గాని దాన్ని దాచే హక్కు లేదు.

పెళ్లి మాటలప్పుడే ఈ విషయాలు ఎత్తడం అమంగళమంటారు. అయినా ఎత్తండి. కాగితాలన్నిటికీ నకళ్లు తీయించి అమ్మాయికి నమ్మకమున్నచోట ఉంచండి. మగపిల్లలకు కథ చెప్పేటప్పుడు మాత్రం, చీర తిరిగి ఇచ్చేసిన జాలరి కథ కూడా చెప్పండి. ఇక మీ అనుభవాలు వినాలని ఉంది.