గోడలు - పొలిమేరలు : స్పెయిన్ మొదలు పోలండ్ దాకా
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గోడలు, సరిహద్దులు అనే విషయం గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆజ్ఞాపించారు. ప్రపంచంలో గోడలకు కొదువ లేదు. అన్నిటినీ చెప్పుకుంటూ పోతే బిర్యానీ చల్లారిపోతుంది. అందుచేత రెండే సీమలు ఎంచుకున్నాము. ఒకటి ఇబేరియా, అనగా స్పెయిన్, పోర్చుగల్ దేశాలు. రెండవది స్లావు భాషలు మాట్లాడే దేశాలు - రష్యా, ఉక్రెయిన్, పోలండ్, బోస్నియా మొదలైనవి. ఒకటి ఐరోపాకు పడమటి కొస, ఇంకొకటి తూర్పు వైపు. ఈ రెండింటికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. రెండుచోట్లా ముస్లిములు వందల ఏళ్లు కాపురమున్నారు. రెండుచోట్లా వారి బ్రతుకు పొలిమేర పక్కనే గడిచింది.

ముందు మాటలు చూడండి. స్లావు భాషలలో ఊరికి, కోటకు ఉన్న పాత మాట ‘గ్రాద్’, ‘గొరోద్’. దాని అసలు అర్థం చుట్టూ ఆవరణ కట్టిన చోటు. కంచెను కూడా ఆ ధాతువుతోనే ‘ఒగ్రాద’ అంటారు. అంటే వారి లెక్కలో గోడ ముందు, ఊరు తరువాత. సరిహద్దుకు వారి మాట ‘గ్రానిత్స’. జర్మనులు ఈ మాటను స్లావుల దగ్గర అరువు తెచ్చుకొని ‘గ్రెన్సె’ అన్నారు. ఇరుగుపొరుగుల మధ్య హద్దురాయి మాట కూడా హద్దు దాటి వెళ్లిందన్నమాట! ‘క్రాయ్’ అనే మాట మరీ విచిత్రము. రష్యన్‌లో దానికి అంచు అని అర్థం, సీమ అనీ అర్థం. పోలిష్ భాషలో దేశమంటేనే ‘క్రాయ్’. ఉక్రెయిన్ అనే పేరుకు ‘అంచు సీమ’ అని కొందరు, కాదు ‘మా దేశం’ అనే అర్థమేనని ఇంకొందరు వాదులాడుకోవడం ఇందువల్లనే. ఒకడికి అంచుగా కనబడేది అక్కడ కాపురమున్న వాడికి నట్టిల్లు కదా.

స్పెయిన్‌లో సరిహద్దు సీమలను అరబ్బులు ‘సగర్’ అన్నారు. ఆ మాటకు ముందు పళ్లు, పళ్ల మధ్య సందు అనే అర్థాలున్నాయి. శత్రువు దూరగల సందు కాబట్టి ఆ పేరు. పైసగర్‌కు సరగోసా, నడిమి సగర్‌కు టొలేడో, దిగువ సగర్‌కు మెరిదా ముఖ్య పట్టణాలు. నేటి స్పానిష్ భాషలో గోడకు సంబంధించిన మాటలలో సగం అరబ్బీవే అనిపిస్తుంది. మేస్త్రీని ‘అల్బానిల్’ అంటారు, అరబ్బీ ‘అల్ బన్నా’ నుంచి. పచ్చి ఇటుక ‘అదోబె’, అది ‘అత్తూబ్’. కోటగోడకు బయటి పేట ‘అర్రబాల్’, అది ‘అర్రబద్’. మనుషులను వెళ్లగొట్టగలిగారు గాని వారి తాపీ పనిని నోటినుంచి వెళ్లగొట్టలేకపోయారు.

ఇక మాడ్రిడ్ సంగతి. స్పెయిన్ రాజధాని అయిన ఈ మహానగరానికి పునాది వేసింది కార్డొబా అమీరు మొదటి ముహమ్మద్. 9వ శతాబ్దంలో, టొలేడోకు ఉత్తరాన కాపలా కోటగా ‘మజ్రీత్’ అనే ఊరికి గోడ కట్టించాడు. ఆ గోడ ముక్క ఇప్పటికీ రాజభవనం దగ్గర నిలిచి ఉంది. దాని పక్కన ఉన్న తోటకు ఆ అమీరు పేరే పెట్టారు. క్రైస్తవులైన మాడ్రిడ్ ప్రజలు తమ నగరానికి రక్షకురాలిగా కొలిచే మరియమ్మ పేరు ‘అల్ముదేనా’. ఆ పేరు అరబ్బీ ‘అల్ ముదైనా’, అంటే చిన్నకోట! వారి కథ ఏమిటంటే, ముస్లిముల కాలంలో భక్తులు ఆ ప్రతిమను కోటగోడలో దాచారట. 1085లో ఆల్ఫాన్సో రాజు ఊరిని పట్టినప్పుడు గోడ కూలి ప్రతిమ బయటపడిందట. కథ నిజమో కాదో చరిత్రకారులు చూసుకుంటారు. ప్రాణప్రదమైన దానిని గోడలో దాచుకోవడమనే ఊహ మాత్రం మనస్సులో పెట్టుకోండి, దాని పనిబడుతుంది.

సరిహద్దు అనగానే కత్తులే గుర్తుకు రావడం సహజం. యుద్ధాలు లేవని మేము అనము. కాని గ్రనడా సుల్తానులకు, కాస్టీల్ రాజులకు మధ్య రెండు వందల ఏళ్లకు పైగా ఉన్న సరిహద్దు మీద యుద్ధంతో పాటు ఒక పద్ధతి కూడా నడిచింది. ఆ పద్ధతిలో మాకు మిక్కిలి నచ్చిన మనిషి ‘అల్ఫకేకె’. అరబ్బీ ‘అల్ ఫక్కాక్’, అనగా విడిపించేవాడు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు బందీలుగా చిక్కితే సొమ్ము తీసుకువెళ్లి, బేరమాడి, వారిని ఇల్లు చేర్చేవాడు. 13వ శతాబ్దంలో పదవ ఆల్ఫాన్సో రాజు కూర్పించిన ధర్మశాస్త్రంలో ఈ పనివాడికి ఆరు గుణాలుండాలని వ్రాశారు. నిజం పలికేవాడై ఉండాలి. లోభం ఉండకూడదు. ఇరువైపుల భాషా రావాలి. ఎవరిమీదా పగ ఉండకూడదు. ధైర్యవంతుడై ఉండాలి. తనకంటూ కొంత ఆస్తి ఉండాలి, తప్పుచేస్తే రాబట్టుకోవడానికి. పన్నెండుమంది మంచివారు ప్రమాణం చేసి అతనిని ఎంపిక చేయాలి. అతడు రాజు జెండా ఎత్తిపట్టుకొని తిన్నని దారినే పోవాలి, అడ్డదారులు పట్టరాదు. మన కార్యవర్గం ఎన్నికలకు ఈ ఆరు నిబంధనలు పెడితే ఎందరు నామినేషన్ వేస్తారో సభ్యులే ఆలోచించుకోవాలి!

ఇంకొక పనివాడు కూడా ఉన్నాడు, జాడ చూసేవాడు. హద్దు దగ్గర దొంగతనం జరిగితే, మనిషి మాయమైతే, ఈవైపు వాళ్లు అడుగుజాడ పట్టుకొని హద్దు దాకా పోతారు. అక్కడ అవతలి వాళ్లను పిలిచి, “ఇదిగో జాడ, ఇక్కడినుంచి మీది” అని అప్పగిస్తారు. అవతలివారు దాన్ని పట్టుకొని పోవాలి, లేదా నష్టం కట్టాలి. ముస్లిములకు, క్రైస్తవులకు నడుమ తగవులు తీర్చడానికి వేరే న్యాయాధికారి ఉండేవాడు. ఈ హద్దును ముళ్లకంచె అనడం కంటే ఇద్దరికీ ఉమ్మడి కళ్లమనడం న్యాయమేమో.

కష్టం ఎప్పుడు వచ్చిందంటే, హద్దు దేశం అంచున కాక ఊరి నడుమకు వచ్చినప్పుడు. 1480లో టొలేడో సభ యూదులు, ముస్లిములు వేరే పేటలలోనే ఉండాలని శాసించింది. 1492 జనవరి 2న గ్రనడా పడిపోయింది. అప్పుడిచ్చిన మాటలు పదేళ్లు కూడా నిలవలేదు. 1502లో కాస్టీల్‌లో, 1526లో అరగాన్‌లో మతం మారడమా, దేశం విడవడమా అన్నారు. 1567లో అరబ్బీ మాట, అరబ్బీ వ్రాత, చివరకు వేషం కూడా నిషేధం. 1609 మొదలు 1614 వరకు, మారినవారిని కూడా, సుమారు 3 లక్షలమందిని ఓడలెక్కించి పంపేశారు.

ఇప్పుడు మళ్లీ గోడ దగ్గరకు రండి. 1884లో సరగోసా సీమలోని అల్మొనాసిద్ దె లా సియెర్రా అనే చిన్న ఊళ్లో ఒక పాత ఇల్లు పడగొట్టారు. అందులో దొంగ అర కట్టి దాచిన పుస్తకాల కుప్ప బయటపడింది. విలువ తెలిసేలోపు కొన్ని నాశనమైపోయాయి కూడా. మిగిలినవి నేడు మాడ్రిడ్ గ్రంథాలయంలో ఉన్నవి. మలగా సీమలోని కూతర్ ఊళ్లో 2003లో ఒక ఇల్లు బాగుచేస్తుంటే గోడ గూట్లో ఖురాన్ ప్రతి, దానితో ఇంకో రెండు పుస్తకాలు దొరికాయి. అయిదు వందల ఏళ్లుగా ఆ గోడకు ఆనుకొని ఎన్ని సంసారాలు సాగి ఉంటాయో! వెళ్లిపోతున్నవాడు తలుపుకు తాళం వేసినట్టు గోడకు గిలాబా చేసి వెళ్లాడు. తిరిగి వస్తామనే ఆశ లేనివాడు అంత శ్రద్ధగా దాచడని మేము అనుకుంటాము.

అల్మొనాసిద్ పుస్తకాలలో చాలావాటి భాష స్పానిష్, లిపి అరబ్బీ. అరబ్బీ మరచిపోయిన జనం తమ తల్లిభాషలోనే నమాజు పద్ధతులు, ప్రవక్తల కథలు వ్రాసుకున్నారు. దీనిని ‘అల్హమియాదో’ అంటారు. ఇక్కడే మా రెండు సీమలు కలుస్తాయి. బోస్నియా ముస్లిములు తమ స్లావు భాషను ఇలాగే అరబ్బీ అక్షరాలలో వ్రాశారు. 1631లో ఉస్కుఫీ అనే కవి బోస్నియా భాషకు, తుర్కీకి ఒక నిఘంటువు కూడా కూర్చాడు. లిథువేనియా, పోలండ్ సీమల తాతారు ముస్లిములు తమ తాతారు భాష పోయాక బెలారుస్, పోలిష్ భాషలలో ‘కితాబు’లు వ్రాశారు, లిపి మాత్రం అరబ్బీయే. అంతదూరం ఎందుకు, మన పొరుగున తమిళ ముస్లిముల ‘అర్వి’, మలబారు మాప్పిళ్లల అరబ్బీ-మలయాళం ఇవే కావా? మన తెలుగు ఇళ్లలో దీనికి తలకిందులు పద్ధతి. యాసీన్ సూరాను తెలుగు అక్షరాలలో అచ్చువేసుకొని చదువుకుంటాము. ఉర్దూ రాని మన దూదేకుల ఆడవాళ్లను “మీరేమి ముస్లిములు” అని ఎగతాళి చేసేవారు ఆ అల్మొనాసిద్ పుస్తకాలను ఒకసారి తలచుకోవాలి.

గోడల మధ్య వంతెన మాట కూడా ఒక్క నిమిషం. బోస్నియాలోని మోస్తార్ ఊరికి వంతెన కాపలావాళ్ల మీదే ఆ పేరు వచ్చింది. 1566లో తుర్కీ మేస్త్రీ హైరుద్దీన్ కట్టిన రాతి వంతెన 427 ఏళ్లు నిలిచి, 1993 నవంబరు 9న క్రొయేషియా జాతి సేనల ఫిరంగులకు నదిలో కూలింది. 2004 జూలైలో మళ్లీ కట్టి తెరిచారు. ఆ నవంబరు 9 వింత తేదీ. మాడ్రిడ్‌లో అల్ముదేనా పండుగ ఆ రోజే, 1989లో బెర్లిన్ గోడ తెరుచుకున్నదీ ఆ రోజే.

ఇక చివరి సంగతి, మేము నిజంగా చెప్పదలచుకున్నది. 1679లో పోలండ్ రాజు యాన్ సొబియెస్కీ తన సైన్యంలోని తాతారు రౌతులకు జీతాలు ఇచ్చుకోలేక భూములిచ్చాడు. అలా వచ్చిన ఊళ్లే బొహోనికి, క్రుషినియాని. బెలారుస్ సరిహద్దుకు దగ్గర. రెండుచోట్లా చెక్క మసీదులు నేటికీ ఉన్నాయి. బొహోనికిలో మిగిలినవి గుప్పెడు తాతారు కుటుంబాలు, ఒక పెద్ద ఖబరస్తాన్. మూడున్నర శతాబ్దాలుగా దేశానికి కాపలా కాసినవాళ్లు వారు.

2021లో సిరియా, ఇరాక్ మొదలైన దేశాల జనం బెలారుస్ మీదుగా పోలండ్‌లోకి రావాలని ఆ అడవులలో చిక్కుకుపోయారు. అటు సైన్యం తోసేది, ఇటు సైన్యం తిప్పిపంపేది. 2022 నడిమికి పోలండ్ 186 కిలోమీటర్ల పొడవున, అయిదున్నర మీటర్ల ఎత్తున ఇనుప కంచె కట్టింది. అది బియావొవియెజా మహారణ్యం గుండా పోతుంది. కంచె రాకముందే చావులు మొదలైనాయి. 2021 నవంబరు 15న, బుగ్ నదిలో మునిగి చనిపోయిన 19 ఏళ్ల సిరియా కుర్రవాడి జనాజాను బొహోనికి తాతారులు మోశారు. గుక్కెడు అరబ్బీ మాట్లాడలేని ఆ ఊరివాళ్లు నమాజు చదివి మట్టి ఇచ్చారు. అక్కడున్న ఒక సిరియా డాక్టరు ఆ ఖననాన్ని ఫోనులో తల్లిదండ్రులకు చూపించాడు. అదే నెలలో, తల్లి కడుపులోనే పోయిన ఒక ఇరాకీ కుర్దు బిడ్డను చిన్న తెల్లని పెట్టెలో పెట్టి అక్కడే పాతారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అదే తాతారులు సరిహద్దులో చలిలో నిలబడ్డ పోలిష్ సైనికులకు సూపు వండి పంపారు. చాలామందికి ఇది పొసగని సంగతిగా తోచింది. మాకు మాత్రం అలా తోచలేదు. సైనికుడూ వారి ఊరివాడే, మయ్యత్తూ వారి పూచీయే. పాతకాలపు అల్ఫకేకె చేసిన పని ఇదేగా.

ఐరోపా పడమటి కొసన కూడా ఇంతే. ఆఫ్రికా గడ్డమీద స్పెయిన్‌కు సియూతా, మెలిల్యా అనే రెండు ఊళ్లున్నాయి. వాటికి 1990లలో మొదలుపెట్టి కంచెలు పెంచుతూ పోయారు. 2022 జూన్ 24న మెలిల్యా కంచె దగ్గర కనీసం 23 మంది చనిపోయారు. సియూతాలోని సీదీ ఎంబారెక్ ఖబరస్తాన్‌లో, సముద్రం ఒడ్డుకు వేసిన పేరు తెలియని వాళ్లకు అక్కడి ముస్లిములు మట్టి ఇస్తున్నారు. అటు బొహోనికి, ఇటు సియూతా. కంచె ఎవరు కట్టినా, ఎందుకు కట్టినా, దాని కింద పడినవాడికి గుస్ల్, కఫన్ చూసే పని పక్కనున్న జమాత్ నెత్తిన పడుతుంది. జనాజా ఫర్జె కిఫాయా అని మనకు మౌల్వీ సాహెబులు చెబుతూనే ఉన్నారు. కొందరు చేస్తే అందరికీ తీరుతుంది, ఎవరూ చేయకుంటే అందరిమీదా ఉండిపోతుంది.

మన ఖబరస్తాన్ ప్రహరీ గోడకు చందాలు పోగవుతున్నాయి. ఆక్రమణలు ఆగాలంటే గోడ కావలసిందే, అందులో మాకు రెండవ మాట లేదు. అయితే ప్లానులో వరుసలన్నీ కుటుంబాల పేర్లతో నిండి ఉన్నాయి. రైలుపట్టాల దగ్గర దొరికినవారు, ఆస్పత్రిలో ఎవరూ రాక మిగిలిపోయినవారు, ఏ బీహారు నుంచో బెంగాలు నుంచో పనికి వచ్చి స్లాబు మీదనుంచి పడ్డవారు - వీరికి వరుస గీయలేదు. ఇంతవరకు ఎవరి చోటులో ఎవరిని అడిగి పెడుతున్నామో కార్యదర్శిగారికి తెలుసు. తూర్పు మూల, వేపచెట్టు పక్కన, బావికి ఇవతల, రెండు వరుసల జాగా పేరు లేకుండా వదలాలని, ఆ వైపు గోడకు జనాజా బండి పట్టేంత గేటు పెట్టాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం ప్రవేశపెడుతున్నాము. గేటు ఖర్చుకు మా వంతు చందా ఇప్పుడే ఖజానాదారు గారికి ముట్టజెపుతున్నాము, రసీదు వ్రాయవలసినదిగా కోరుతున్నాము. వస్సలాం.