గూడబాతుల ఎదుట ఏకాంతం

సూళ్లూరుపేటకు, పులికాట్ సరస్సుకు దగ్గర్లో నేలపట్టు అనే ఊరుంది. అక్కడి చెరువులో, నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద, చలికాలంలో గూడబాతులు గూళ్లు కడతాయి. కెమెరా పట్టుకుని ఏకాంతం వెతుక్కునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

అక్కడ ఫొటో తీసేవారి పని చాలావరకు ఎదురుచూడటమే. పెద్ద పక్షులు పులికాట్ వైపు వేటకు వెళ్లి, చేపలతో తిరిగొస్తాయి. పిల్ల ఏకంగా తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తింటుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో చెప్పలేం, అందుకే కన్ను గూటి మీదే ఉండాలి. మొదట్లో ఇంటి లెక్కలు, ఆఫీసు మాటలు బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. కాసేపటికి అవే సద్దుమణుగుతాయి. గాలి ఎటు వీస్తోందో ఒంటికి తెలుస్తుంది. పక్షులు గాలికి ఎదురుగా వాలతాయి కాబట్టి, అది తెలిస్తే బొమ్మ సగం దొరికినట్టే. ఎన్నాళ్లుగానో వాయిదా వేసిన ఆలోచనలు కూడా ఆ నిశ్శబ్దంలోనే మెల్లగా పైకొస్తాయి. వాటిని రానివ్వండి. నా మటుకు ఫొటోకన్నా అదే విలువైనది.



ఒక్క విన్నపం. ఫ్లాష్ వాడకండి, గూళ్ల దగ్గరికి వెళ్లకండి. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. ఈసారి ఒంటరిగా వెళ్లి రండి.